ఉమ్మడి వంటశాలకు అంట్లు తోము యంత్రము

మన పాఠశాలలో ప్రతిదినము 240 మంది బాలబాలికలు మధ్యాహ్న భోజనము చేయుచున్నారు. భోజనము ముగిసిన తోడనే పిల్లలు చేతులు కడుగుకొని తరగతులకు పోవుదురు. వారి వెనుక 240 కంచములు, 240 గిన్నెలు, 240 గ్లాసులు, వంటవారి గుండిగలు, గరిటెలు, తెడ్లు మిగులును. అదే వంటశాల పండుగ దినములందు సంఘమువారి సంతర్పణలకును, అప్పుడప్పుడు మనవారి పెండ్లిండ్లకును ఉపయోగపడుచున్నది. ఈ అంట్లన్నిటిని ఇద్దరు స్త్రీలు రెండు తొట్లచెంత కూర్చుండి చాలకాలముగా తోముచున్నారు. గత వర్షాకాలమున వారిలో ఒకరి చేతివ్రేళ్ళ సందులు నీటికి నాని, సబ్బుకు ఒరసి పుండ్లు పడినవి. నెలదినములు నీటిలో చేయి పెట్టరాదని వైద్యుడు చెప్పెను. ఆ నెలలో పిల్లలకు విస్తళ్ళలో వడ్డించి కాలము గడపితిమి. అప్పుడే పలువురు తల్లిదండ్రులు, "ఒక యంత్రమును తెప్పింపరాదా?" అని మమ్ము అడిగిరి.

ఆ ప్రశ్నకు మేము మొదట తొందరపడి సమాధానము చెప్పితిమి. ఒక దాత యిచ్చిన ధనముతో ఇండ్లలో వాడు యంత్రమునొకదానిని కొని తెచ్చి వంటశాలలో నిలిపితిమి. అది ఒకమారు తిరుగుటకు గంటన్నర పట్టెను. ఒక్కొక్క మారునకు ఇరువదియైదు కంచములకు మించి పట్టలేదు. ఈ లెక్కన కంచములకే పది మార్లు, అనగా పదునైదు గంటలు కావలెను. అయిదు నెలలు గడచునప్పటికి నీరు కాచు కడ్డీపై సున్నము గట్టిగా పేరుకొని అది కాలిపోయెను. ఆ యంత్రము చెడ్డది కాదు. అయిదుగురున్న ఇంటిలో చక్కగా పనిచేసెడిదే. దానిని తేరాని చోటికి తెచ్చినవారము మేము. ఆ తప్పును దాచుకొనక, దాని వలన నేర్చుకొన్న విషయములను, పిమ్మట విచారించి తెలిసికొన్న విషయములను ఇచ్చట తల్లిదండ్రుల ముందుంచుచున్నాము. రాబోవు సర్వసభ్య సమావేశమున ధనమును మంజూరు చేయవలసినవారు మీరే గనుక, లెక్క అంతయు మీకు తెలిసియుండుట న్యాయము.

తోముట యనగా నేమి?

యంత్రమును గూర్చి తెలిసికొనుటకు ముందు తోముట యను పనిని గూర్చి తెలిసికొనవలెను. శుభ్రపరచుటకు నాలుగు అంగములు కలవని 1959లో హెర్బర్ట్ సిన్నర్ అను జర్మను రసాయనజ్ఞుడు చెప్పెను. అవి ఒరపిడి, వేడి, మందు, కాలము. వీనిలో ఒకటి తగ్గినయెడల మిగిలినవానిని పెంచి ఆ లోటును పూడ్చవలెను. మన అవ్వలకు ఈ శాస్త్రము తెలియకపోయినను దాని మర్మము తెలియును. కొబ్బరిపీచు ఒరపిడి. పొయ్యిలోని బూడిద మందు. అందలి క్షారము జిడ్డును విడగొట్టును. ఇత్తడి చిలుమునకు చింతపండు పులుపు మరియొక మందు. మాడిన గిన్నెలో నీళ్ళు పోసి రాత్రియంతయు నానవేయుట కాలమును వాడుకొనుట.

యంత్రములో పీచు లేదు. సన్నని రంధ్రములనుండి నీరు వేగముగా చిమ్మి కంచములను కొట్టుటయే దాని ఒరపిడి. అది పీచుకంటె బలహీనమైనది. ఉమ్మడి వంటశాలలలో కాలమును పెంచుటకు వీలులేదు. కాబట్టి వేడిని, మందును పెంచుదురు. పెద్ద యంత్రములలో తోము నీరు 55 మొదలు 65 డిగ్రీల సెంటిగ్రేడు వరకును, కడపటి జాలింపు నీరు 82 డిగ్రీలకు పైగాను ఉండును. వాడు మందు చేతికి తగిలినచో చర్మమును కాల్చునంతటి క్షారము. ఇంత వేడిని, ఇంత క్షారమును ఏ చేయియు ఓర్వలేదు. యంత్రము చేతికంటె మేలుగా కడుగునని చెప్పుటకు కారణము ఇంతమాత్రమే. వేడిని తగ్గించి, మందును మానిపించి, యంత్రమును మాత్రము కొన్నచో కొనినది పనికిరాని పెట్టె యగును.

కడపటి జాలింపు వేడి రోగక్రిములను చంపుటకు ఉద్దేశింపబడినది. కంచము మీది తలము 71 డిగ్రీలకు చేరినయెడల ఆ పని నెరవేరినట్లు లెక్క. వేడి చాలని యంత్రములలో క్లోరిను మందును కలిపి ఆ పని చేయుదురు. ఎండిన కంచము కంటికి మెరయుచున్నంత మాత్రమున చాలదు. వేడి అందినదో లేదో కొలిచి చూడవలెను. అందుకై కంచమునకు అంటించిన రంగు మారు చీటీలు దొరకును.

ఈ యంత్రము పుట్టినదే పెద్ద వంటశాలల కొరకని చెప్పవచ్చును. అమెరికా దేశమున జోసఫీన్ కాక్రేన్ అను ఆమె 1886లో దీనికి పేటెంటు పొందెను. 1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున దానిని చూపెను. గృహిణులకై తలపెట్టినను, ఆమె యంత్రములను మొదట కొన్నవి హోటళ్ళు, భోజనశాలలు. ఇండ్లలోనికి అది చేరుటకు అనేక దశాబ్దములు పట్టెను.

యంత్రముల జాతులు

ఇంటి యంత్రమును విడిచినచో, మన వంటివారు చూడదగిన జాతులు మూడు. వీనియన్నిటిలోను కంచములను గళ్ళ తట్టలలో నిలిపి లోపల పెట్టుదురు. ఆ తట్ట సాధారణముగా అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు గలది.

మొదటిది బల్లక్రింద ఇముడు చిన్న యంత్రము. ముందు తలుపు తెరచి, వంగి తట్టను పెట్టవలెను. తట్టకు రెండు మూడు నిమిషములు పట్టును. కాఫీ హోటళ్ళకు తగినది. రెండవది మూత యంత్రము. హుడ్ టైపు అని అంగడులలో పిలుతురు. దీని మూతను పైకెత్తి, నడుము ఎత్తున నున్న బల్లమీదనుండి తట్టను లోపలికి త్రోసి, మూత దించినచో పని ఆరంభమగును. కడుగబడిన తట్ట రెండవ ప్రక్క బల్లమీదికి వచ్చును. తట్టకు ఒకటి రెండు నిమిషములు చాలును. వంగవలసిన పని లేదు. మురికి కంచములు ఒకవైపు, శుభ్రమైనవి మరియొకవైపు ఉండుటచేత అవి కలియవు. మూడవది తట్టలు తమంతట తామే నడచిపోవు పెద్ద యంత్రము. గంటకు వందకు పైగా తట్టలు కడుగును గాని, వేయిమందికి పైగా భుజించు చోట్లకే అది తగును.

తట్టల లెక్క

అమ్మువారి కాగితములలో, "తట్టకు పదునెనిమిది ప్లేట్లు" అని వ్రాసియుండును. ఆ ప్లేట్లు అంచులేని చదునైన పింగాణీ ప్లేట్లు. మనవి ఎత్తైన అంచు గల స్టీలు కంచములు. మేము ఒక అంగడికి మన కంచములను సంచిలో వేసికొని పోయి తట్టలో నిలిపి చూచితిమి. ఒక గడి విడిచి ఒక గడిలో పెట్టినగాని నీరు వాని నడుమకు పోవుట లేదు. తొమ్మిది మాత్రమే పట్టినవి. గిన్నెలు ఇరువది, గ్లాసులు ఇరువదియైదు పట్టినవి. గిన్నెలను, గ్లాసులను బోర్లించియే పెట్టవలెను. లేనిచో మురికినీరు వానిలోనే నిలుచును.

ఈ లెక్కన కంచములకు 27, గిన్నెలకు 12, గ్లాసులకు 10, మొత్తము 49 తట్టలు. గరిటెలతో చేర్చి 50 అనుకొందము. రెండు నిమిషముల యంత్రము గంటకు 30 తట్టలు కడుగవలెను. తట్ట నింపుట, దించుట, మధ్య నీరు మార్చుట లెక్కించినచో గంటకు 25కు మించి జరుగదు. కాబట్టి మూత యంత్రముతో మన పని రెండు గంటలు. బల్లక్రింది యంత్రముతో గంటకు 12 తట్టలు జరుగును గనుక నాలుగు గంటలకు పైబడును. వంటవారు మరునాటి సన్నాహము చేసికొనువేళకు వంటశాల ఖాళీ కావలెను. కనుక మూత యంత్రమే మనకు తగినదని మా అభిప్రాయము.

నీరు

మనము చెన్నపట్టణమున ఉన్నాము. ఇచ్చట నీటిని గూర్చి తేలికగా మాటలాడరాదు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడిక ఫలితముగా, 1996లో తెలుగు గంగ కాలువద్వారా కృష్ణాజలము పూండి జలాశయమునకు చేరెను. అయినను 2019 వేసవిలో పూండి, చోళవరము, రెడ్ హిల్స్, చెంబరంబాక్కము జలాశయములు దాదాపు ఎండిపోయినవి. బిందెలు పట్టుకొని లారీ నీటికై వరుసలో నిలిచిన ఆ దినములు ఈ పత్రిక చదువు తల్లులకు మరపునకు రావు.

కుళాయి నిమిషమునకు 8 లీటర్లు వదలుననుకొందము. రెండు కుళాయిలు రెండున్నర గంటలు విప్పియుంచినచో 2,400 లీటర్లు పోవును. మూత యంత్రము తట్టకు సుమారు 3 లీటర్ల క్రొత్త నీటితో జాలించును. ఆ నీరే తొట్టిలోనికి దిగి తరువాతి తట్టను తోముటకు మరల మరల వాడబడును. 50 తట్టలకు 150 లీటర్లు. తొట్టిని రెండుమార్లు నింపుటకు 60. ముందుగా కంచములను తడుపుటకు మరియొక 150. అంతయు కలిసి 400 లీటర్ల లోపల ముగియును. అయితే ఒక మాట న్యాయముగా చెప్పవలెను. కుళాయి కట్టివేసి మూడు తొట్లలో వరుసగా తోమి, జాలించి, మరల వేడినీటిలో ముంచి తీయు పద్ధతిలో 60 లీటర్ల తొట్లను నాలుగేసి మార్లు మార్చినను 720 లీటర్లే యగును. యంత్రము కొనుట ఆలస్యమైనను ఈ మార్పును రేపటినుండియే చేయవచ్చును. మేము ఇప్పటికే ఆరంభించితిమి.

నీరు ఎంత యనునది ఒక ప్రశ్న. ఎట్టిది యనునది మరియొక ప్రశ్న. మన బోరు నీటిని పరీక్షింపగా కాఠిన్యము లీటరుకు 540 మిల్లీగ్రాములని తేలినది. భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన త్రాగునీటి ప్రమాణములో 200 ఆమోదయోగ్యమని, వేరు నీరు లేనిచో 600 వరకు సహింపవచ్చునని ఉన్నది. త్రాగుటకు సహింపదగిన నీరు యంత్రమునకు సహింపదగినది కాదు. వేడి చేసిన కొలది ఆ సున్నము కడ్డీలపై గట్టుగా కట్టును. మా మొదటి యంత్రము చచ్చినది ఈ జబ్బుతోనే. దినమునకు 400 లీటర్ల నీటిలో 216 గ్రాముల సున్నపు లవణములు ఉండునని లెక్క.

దీనికి మందు నీటిని మెత్తపరచు సాధనము. అందలి గుళికలు సున్నమును పట్టియుంచుకొని బదులుగా సోడియమును విడుచును. గుళికలు నిండినపుడు ఉప్పునీటితో కడిగినచో మరల పనికివచ్చును. లీటరు గుళికలు సుమారు 50 గ్రాముల కాఠిన్యమును పట్టును. 25 లీటర్ల గుళికలు గల సాధనము 1,250 గ్రాములను పట్టును గనుక, అయిదు దినములకు ఒకమారు ఉప్పు పెట్టినచో చాలును. ఒక్కొక్కమారు నాలుగు కిలోల లోపల ఉప్పు పట్టును. ఆ ఉప్పునీటిని మన తోటలోని అరటి, మల్లె మొక్కలకు పోయరాదు. మురుగు కాలువలోనికే పంపవలెను. ఈ సాధనము లేని యంత్రమును ఎవరు ఉచితముగా ఇచ్చినను పుచ్చుకొనరాదని మా నిశ్చయము.

విద్యుత్తు

తట్టకు 3 లీటర్ల నీటిని 28 డిగ్రీలనుండి 85కు కాచుటకు 171 కిలో కెలోరీలు, అనగా ఒక యూనిట్టులో అయిదవ వంతు పట్టును. 50 తట్టలకు 10 యూనిట్లు. తొట్టి నీటిని కాచుటకు రెండు మూడు, పంపులకును వ్యర్థమగు వేడికిని మరికొన్ని. దినమునకు పదునైదు యూనిట్ల వరకు లెక్కవేసికొనవలెను. గంటకు 30 తట్టల వేగమున జాలింపు నీటికే 6 కిలోవాట్లు కావలెను గనుక ఇంటి తీగెలు చాలవు. మూడు ఫేజుల లైను, మంజూరైన లోడు హెచ్చింపు, గట్టి ఎర్తు తప్పనిసరి. మేడమీద సూర్యరశ్మితో నీరు కాచు పలకలు పెట్టి 55 డిగ్రీల నీటిని లోనికి పంపగలిగినచో జాలింపు కర్చు దాదాపు సగమగును. యంత్రము వేడినీటి ప్రవేశమునకు ఒప్పుకొనునో లేదో ముందుగా అడుగవలెను. మురుగు గొట్టములు వేడికి ఓర్చునవిగా ఉండవలెను. ఆవిరి పోవుటకు పైన గాలి గొట్టము, నేలలో జిడ్డును ఆపు తొట్టి కావలెను. ఈ కర్చులన్నియు యంత్రపు ధరలో చేరియుండవు.

యంత్రములోనికి పోరాని పాత్రలు

స్టీలు పాత్రలకు భయము లేదు. అల్యూమినియము పాత్రలను క్షారము తినివేసి నల్లబరచును. కళాయి వేసిన ఇత్తడి, రాగి పాత్రలు, కఱ్ఱ తెడ్లు, ఇనుప పెనములు కూడ పోరాదు. వంట గుండిగలు అందు పట్టవు. మూత క్రింద ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లే. అడుగంటిన మాడును నీటి చిమ్ము వదలింపజాలదు. కాబట్టి గుండిగలకు చేతిపని మిగిలియే యుండును. కంచములలోని మెతుకులు, కరివేపాకు, మునగకాడ పిప్పి ముందుగా దులిపివేయవలెను. లేనిచో జల్లెడలు పూడి నీటి బలము తగ్గును. ఈ పనిని పిల్లలే చేయవచ్చును. తాను తిన్న కంచమును తానే బుట్టలో దులిపి వరుసలో పెట్టుట చదువులో భాగమే.

చేతి సబ్బును యంత్రములో వేయరాదు. నురుగు పొంగి పంపు గాలిని మ్రింగును. యంత్రపు మందు నురుగులేనిది. తీవ్రమైన క్షారమగుటచేత దానిని పిల్లలకందని తాళపు గదిలో ఉంచవలెను. వేడి తట్టను బయటికి తీసి కొన్ని నిమిషములు వదలినచో కంచములు తమ వేడికే ఆరును. పాతగుడ్డతో తుడిచినచో పోయిన క్రిములను మరల అంటించినట్లగును.

చేతులు

1920లో మద్రాసు నగరసభ అధ్యక్షులుగా నుండిన పిట్టి త్యాగరాయ చెట్టిగారి కాలమున, థౌజండ్ లైట్స్ నందలి నగరసభ పాఠశాలలో పిల్లలకు తలకు దినమునకు ఒక అణాకు మించకుండ ఫలహారమిచ్చుటకు తీర్మానము జరిగెను. 1956లో కామరాజుగారి ప్రభుత్వము మధ్యాహ్న భోజనమును రాష్ట్రమంతటను వ్యాపింపజేయ మొదలిడెను. బడిలో అన్నము పెట్టుట ఈ పట్టణమునకు నూరేండ్ల సంప్రదాయము. మన సంఘపు లెక్కల పుస్తకమును విప్పి చూచితిమి. బియ్యమునకు పద్దు కలదు, పప్పునకు కలదు, కట్టెలు పోయి వచ్చిన గ్యాసునకు కలదు. అంట్లకు పట్టు నీటికి గాని, తోమువారి చేతులకు కావలసిన రబ్బరు తొడుగులకు గాని పద్దు లేదు. ఆ పద్దును మేము ఎన్నడును వ్రాయలేదు.

యంత్రము వచ్చినచో ఆ ఇద్దరిని మాన్పింపవచ్చునని ఒకరిద్దరు సూచించిరి. మేము ఒప్పుకొనలేదు. తట్టలు నింపుటకు ఒకరు, దించుటకు ఒకరు కావలెను. గుండిగలు ఎటులను మిగులును. పని తగ్గుట లేదు, మారుచున్నది. ఆ స్త్రీలను కూర్చుండబెట్టి అడిగితిమి. "యంత్రము ఎత్తు మాకు అందవలెను, చెడినపుడు మమ్ము తిట్టరాదు" అని వారు చెప్పిరి. మేము చూచిన అంగడులలో ఎవరును అడుగని ప్రశ్నలు ఇవి. మూత ఎత్తుటకు పట్టు బలమును వారే స్వయముగా చూచిన పిదపనే యంత్రమును నిర్ణయించుటకు ఒప్పందము చేసికొంటిమి. నడుపుట నేర్పినవారు వారికి తెలిసిన భాషలో నేర్పవలెనని కూడ షరతు పెట్టుచున్నాము.

అడుగవలసిన ప్రశ్నలు

అమ్మువారిని ఈ క్రింది ప్రశ్నలు అడిగి, జవాబులను వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను. మన కంచములు తట్టకు ఎన్ని పట్టును? కడపటి జాలింపు ఎన్ని డిగ్రీలు, తట్టకు ఎన్ని లీటర్లు? జాలింపు నీరు వేడెక్కక ముందే యంత్రము తిరుగకుండ అడ్డు కలదా? ఎంత కాఠిన్యము గల నీటికి హామీ చెల్లును? చెడినపుడు ఎన్ని దినములలో మనిషి వచ్చును? కడ్డీలు, పంపు ఈ పట్టణముననే దొరకునా? మందు ఒక్క కంపెనీదే వాడవలెనా? ఏడాదికి మందు, ఉప్పు, విద్యుత్తు, మరమ్మతు కలిసి ఎంతయగును?

ఈ జవాబులు పూర్తిగా వచ్చువరకు ధనము చెల్లింపము. అంతవరకు మూడు తొట్ల పద్ధతియు, రబ్బరు తొడుగులును సాగును. సమావేశ దినమున మూడు అంగడులవారి లెక్కలను నోటీసు పలకపై అంటింతుము. తల్లిదండ్రులు వచ్చునప్పుడు తమ పిల్లవాడు తిను కంచము వంటి దానినొకటి వెంట తెచ్చినయెడల మేలు. బల్లమీద ఒక ఖాళీ తట్టను ఉంచెదము. మీ చేతులతోనే అందు నిలిపి చూచి, పిదప మీ అభిప్రాయము చెప్పుడు.